పులిహోర డబ్బా, గ్రిజ్లీ ముక్కు: గ్లేసియర్ కబుర్లు

అక్క: అందరికీ నమస్కారం. ఇక్కడ విశాఖలో రాత్రి ఏడున్నర, అక్కడ సియాటిల్‌లో మా తమ్ముడికి పొద్దున్న ఏడు. వాడింకా కాఫీ తాగలేదట, అందుకని మొదటి ఐదు నిమిషాలు వాడేం మాట్లాడినా పెద్దగా పట్టించుకోకండి.

తమ్ముడు: తాగుతున్నానక్కా, కప్పు చేతిలోనే ఉంది.

అక్క: పోయిన వేసవిలో నేను, మీ బావ, అమ్మ ముగ్గురం నీ దగ్గరికొచ్చాం కదా. ఊళ్ళో అందరూ డిస్నీల్యాండ్ చూపిస్తాడు, నయాగరా చూపిస్తాడు అనుకుంటుంటే వీడు మమ్మల్ని కార్లో కూర్చోబెట్టి తొమ్మిది గంటలు నడిపి ఎలుగుబంట్లుండే అడవికి తీసుకెళ్ళాడండీ. మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్ నేషనల్ పార్క్. ఆ కబుర్లే ఇవాళ. ముందు ఒకటి అడుగుతాను. మూడో తరగతిలోనో నాలుగులోనో కథ ఉండేది, ఇద్దరు స్నేహితులు అడవిలో వెళ్తుంటే ఎలుగుబంటి వస్తుంది, ఒకడు చెట్టెక్కేస్తాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు, అది వచ్చి చెవి దగ్గర వాసన చూసి వెళ్ళిపోతుంది. అది నిజమేనా?

తమ్ముడు: సగం నిజం. ఆ సగం కూడా గ్రిజ్లీ అని అక్కడుండే పెద్ద జాతి ఎలుగు విషయంలోనే, అదీ ఒక్క సందర్భంలోనే. మొత్తం నిజమనుకుని వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. అసలు చెట్టెక్కేవాడు చెట్టు దాకా పరిగెత్తాలి కదా, ఆ పరుగే తప్పు. గ్రిజ్లీ గంటకి 56 కిలోమీటర్ల వేగం దాకా పరిగెత్తగలదు. ఉసేన్ బోల్ట్ ఎంత ఉధృతంగా పరిగెత్తినా 45 దాటలేదు, మనమెంత. పైగా మనం పరిగెడితే దానికి తరమాలనిపిస్తుంది, వీధికుక్క ముందు సైకిలు తొక్కినట్టే. పడుకోవడం సంగతి తర్వాత చెప్తాను, అది చాలా చివర్న చెయ్యాల్సిన పని.

అక్క: సరే, మొదట్నుంచి చెప్పు. అసలు నీకీ పిచ్చి ఎలా పట్టింది?

తమ్ముడు: పిచ్చి కాదక్కా, భయంతో మొదలైంది. నాలుగేళ్ళ కిందట ఆగస్టు నెలాఖర్లో ఇద్దరు ఆఫీసు స్నేహితులతో కలిసి ఐస్‌బర్గ్ లేక్ ట్రైల్‌కి వెళ్ళాను. మెనీ గ్లేసియర్ అని పార్కుకి తూర్పు వైపుంటుంది, అక్కడి నుంచి రానూ పోనూ దాదాపు 15 కిలోమీటర్లు, చివర్న నీలం రంగు చెరువులో ఎండాకాలంలో కూడా మంచు పెళ్ళలు తేలుతుంటాయి. దారికి రెండు వైపులా నడుమెత్తు పొదలు. ఆ పొదల్లో హకిల్‌బెర్రీ అని ఒక పండు, మన నేరేడు రంగులో, కందిగింజ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. జూలై నెలాఖరు నుంచి ఆగస్టు దాకా అది పండే సీజను. మాకా సంగతి తెలీదు, మేము పాటలు కూడా పెట్టుకోకుండా, ముగ్గురం ఉద్యోగాల గోల మాట్లాడుకుని అలిసిపోయి, చివరికి ఎవడి దారి వాడిదన్నట్టు చప్పుడు లేకుండా నడుస్తున్నాం. ఒక మలుపు తిరిగాం, ఎదురుగా.

అక్క: ఎంత దూరంలో?

తమ్ముడు: నాకు పది మీటర్లనిపించింది, తర్వాత వెనక్కొచ్చి నిదానంగా చూస్తే ఓ నలభై ఉంటుందేమో. అది మమ్మల్ని చూడలేదు. కొమ్మ మీద పండ్లని పెదాలతో దువ్వుతోంది, చిన్నపిల్లలు దానిమ్మ గింజలు రాల్చుకున్నట్టు, ఆకులకి ఆకులు వదిలేసి పండొక్కటే లాక్కుంటోంది, అంత పెద్ద మూతితో అంత సుతారంగా ఎలా చేస్తుందో. మెడ వెనక భుజాల మీద మన ఎద్దుకి ఉన్నట్టే మూపురం. అదే గ్రిజ్లీ గుర్తు, తవ్వడానికి పనికొచ్చే కండరాలన్నీ అక్కడే ఉంటాయి. ముందు కాళ్ళ గోళ్ళు తెల్లగా, నా వేళ్ళంత పొడుగు, నడుస్తుంటే రాళ్ళకి తగిలి టక్ టక్ అని చప్పుడు.

అక్క: ఎలుగు మీదికొస్తే కొట్టే ఆ స్ప్రే నీ దగ్గర ఉందా అప్పుడు?

తమ్ముడు: అక్కడికే వస్తున్నా. ఉంది. కొన్నాను, 50 డాలర్ల దాకా అయింది, బుద్ధిమంతుడిలా కొన్నాను. ఎక్కడ పెట్టాను? వీపు మీది బ్యాగులో, అడుగున, చిప్స్ ప్యాకెట్ల కింద, రెయిన్ జాకెట్ కింద. చెయ్యి వెనక్కి పెట్టి జిప్పు లాగుతుంటే ఆ జిప్పు చప్పుడు నాకు రైలు కూతలా వినిపించింది. చేతులు వణికి జిప్పు జాకెట్ గుడ్డలో ఇరుక్కుపోయింది. స్నేహితుల్లో ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు, ఇంకొకడు నా భుజం గిల్లుతూ ఉన్నాడు, ఎందుకు గిల్లాడో వాడికీ తెలీదు. అంతలో మా వెనక నుంచి ఒక పెద్దావిడ, 60 దాటి ఉంటుంది, ఛాతీ మీద పట్టీకి స్ప్రే డబ్బా తగిలించుకుని వచ్చి, మమ్మల్ని చూసి, ఎలుగుని చూసి, మామూలు గొంతుతో, ఇంట్లో పిల్లితో మాట్లాడినట్టు దాంతో రెండు మాటలు మాట్లాడి, మమ్మల్ని చేత్తో సైగ చేసి మెల్లగా వెనక్కి నడిపించింది. అది తలెత్తి ఒకసారి గాలి వాసన చూసి, మళ్ళీ పండ్ల మీద పడింది. అంతే కథ. ఏమీ జరగలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది మా మీదికి వచ్చి ఉంటే నా 50 డాలర్ల డబ్బా నా వీపు మీదే ఉండేది.

అక్క: అందుకేనా అమ్మకి కూడా నడుముకి కట్టావు? చీర మీద బెల్టు, బెల్టుకి డబ్బా. ఆ ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో ఎంత మంది చూశారో.

తమ్ముడు: (నవ్వు) చక్కగా ఉంది కదా. నేను అందరికీ చెప్పేది అదే, డబ్బా కొన్నారా లేదా అన్నది కాదు, రెండు సెకన్లలో చేతికొస్తుందా రాదా. ఇంట్లోనే ఖాళీ డబ్బాతో, ఘాటు లేని ప్రాక్టీసు డబ్బాలు దొరుకుతాయి, వాటితో ఓ ఇరవై సార్లు తీసి, బొటనవేలితో క్లిప్పు లాగి, ముందుకి పట్టి చూడాలి. అమ్మ చేత చేయించాను, నాకన్నా తొందరగా నేర్చుకుంది, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తిప్పే చెయ్యి కదా.

అక్క: అందులో ఉండేది ఏంటి, కారమేనా?

తమ్ముడు: కారమే. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ ఉంది చూడు, అది. గుంటూరు మిరపకాయ తిని పెరిగిన మనకి గర్వంగా ఉంటుంది కానీ, కళ్ళలో పడితే గుంటూరు అయినా గుంతకల్లు అయినా ఒకటే. ఒక్కసారి నొక్కితే ఏడెనిమిది సెకన్లు వస్తుంది, ఎరుపు పొగమంచులా పరుచుకుంటుంది. నేరుగా ఎలుగు మొహానికి గురిపెట్టడం కాదు, దానికీ మనకీ మధ్య ఆ మేఘాన్ని నిలబెట్టాలి, కాస్త కిందికి కొట్టాలి, ఎందుకంటే అది తల వంచుకుని పరిగెత్తుకొస్తుంది. పది, పదిహేను మీటర్ల దూరంలో ఉండగా మొదలెట్టాలి. గాలి ఎటుందో చూసుకోవాలి, కానీ ఎదురుగాలి అని ఆగిపోకూడదు. నీ కళ్ళు మండితే మండనీ.

అక్క: పని చేస్తుందా నిజంగా? తుపాకీ అయితే మేలు కదా అని మీ బావ ఇప్పటికీ అంటున్నారు.

తమ్ముడు: బావకి చెప్పు, అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన సంఘటనలు పోగేసి టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో వగైరా శాస్త్రవేత్తలు 2008లో లెక్కలు ప్రచురించారు. గ్రిజ్లీ జాతి ఎలుగుల మీద వాడినప్పుడు 92 శాతం సందర్భాల్లో అది చేస్తున్న పని ఆపింది. స్ప్రే దగ్గరున్న మనుషుల్లో 98 శాతం మందికి చిన్న గాయం కూడా కాలేదు. పరిగెత్తుకొచ్చే జంతువుని తుపాకీతో కొట్టాలంటే గురి ఉండాలి, చేతులు వణకకూడదు, నాకు జిప్పే రాలేదు. కానీ ఇది మంత్రం కూడా కాదు. 2023 సెప్టెంబర్ నెలాఖర్లో కెనడాలోని బ్యాన్ఫ్ పార్కులో ఒక జంట, వాళ్ళ కుక్క గ్రిజ్లీ దాడిలో చనిపోయారు. అడవి బాగా తెలిసినవాళ్ళు. వాళ్ళ దగ్గర ఒక స్ప్రే డబ్బా పూర్తిగా వాడేసి ఉంది. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి అంతే.

అక్క: హ్మ్.

తమ్ముడు: ఇంకోటి, నవ్వొచ్చేది. స్ప్రే అనగానే దోమల మందు అనుకుని బట్టల మీద, టెంటు మీద కొట్టుకునేవాళ్ళు నిజంగానే ఉన్నారు, పార్కు వాళ్ళు బోర్డులు పెట్టి మరీ చెప్పాల్సి వస్తుంది. గాల్లో ఉన్నప్పుడే అది తరుముతుంది, నేల మీద పడి ఆరిపోయాక ఆ మసాలా వాసనకి ఎలుగులు వచ్చి దొర్లిన సందర్భాలున్నాయి. అంటే నువ్వు నీ టెంటుకి తాలింపు పెట్టినట్టు.

అక్క: తాలింపు అన్నావు కాబట్టి ఇప్పుడు పులిహోర గొడవ చెప్పాలి.

తమ్ముడు: నువ్వే చెప్పు, నీదీ పాత్ర ఉంది అందులో.

అక్క: అయ్యా, అదేంటంటే, ఆప్గర్ అని లేక్ మెక్‌డొనాల్డ్ ఒడ్డున క్యాంపు స్థలం, మాకు అక్కడ రెండు రాత్రులు. అమ్మ సియాటిల్లోనే పులిహోర కలిపి, దద్దోజనానికి పెరుగు, ఆవకాయ సీసా, వేరుశెనగ పొడి, జంతికలు, అన్నీ పట్టుకొచ్చింది. పెళ్ళికి వెళ్తున్నట్టుంది కారు. రాత్రి తిన్నాక మిగిలిన పులిహోర డబ్బాని బెంచీ మీద మూతపెట్టి వదిలేసి, పొద్దున్న తిందాంలే అంది. నేనూ సరే అన్నాను. వీడు టార్చి వేసుకుని వచ్చి చూసి ఎగిరి పడ్డాడు.

తమ్ముడు: ఎగరనా మరి. ఎలుగు ముక్కు కుక్క ముక్కు కన్నా పదునైనది. మూతంటే మనకి మూత, దానికి కాదు. అక్కడ రూలు ఏంటంటే తిండి, వంట గిన్నెలు, చెత్త, అన్నీ కారు అద్దాలు బిగించి లోపల పెట్టాలి, లేదా ఇనప పెట్టెలుంటాయి, వాటిల్లో పెట్టి గడియ వెయ్యాలి. తిండే కాదు, వాసనొచ్చేదేదైనా. అమ్మ కొబ్బరినూనె, బావ అమృతాంజనం, టూత్‌పేస్టు, సబ్బు. అమ్మ కొబ్బరినూనె లేకుండా పడుకోదు కదా, తల నిండా రాసుకుని టెంటులో దూరింది, ఆ తలని నేను ఇనప పెట్టెలో పెట్టలేను.

అక్క: (నవ్వు) పెట్టేవాడివే.

తమ్ముడు: అమ్మకి కోపం వచ్చింది, "నాలుగు మెతుకులు తింటే తిననీరా, అదీ ఒక ప్రాణే కదా" అంది. కాకికి పిండం పెట్టే మనిషి, చీమలకి పంచదార వేసే మనిషి, అలాగే అంటుంది మరి. అప్పుడు కూర్చోబెట్టి 1967 సంగతి చెప్పాను.

అక్క: అది ఇక్కడ కూడా చెప్పు. ఆ రాత్రి తర్వాత అమ్మ ఒక్క జంతిక ముక్క కూడా కింద పడనివ్వలేదు.

తమ్ముడు: గ్లేసియర్ పార్కు 1910లో పెట్టారు. అప్పట్నుంచి 57 ఏళ్ళు అక్కడ గ్రిజ్లీ చేతిలో ఒక్క మనిషి కూడా చనిపోలేదు. 1967 ఆగస్టు 12 అర్ధరాత్రి దాటి 13 తెల్లారేలోపు, ఒకే రాత్రి, రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు ఎలుగులు ఇద్దరు అమ్మాయిల్ని చంపాయి. ఇద్దరికీ 19 ఏళ్ళే. రెండు చోట్లకీ మధ్య దూరం పది మైళ్ళ లోపే. మొదట అందరూ పిడుగులు పడ్డాయి, అడవి కార్చిచ్చు, ఎలుగులకి పిచ్చెక్కింది, ఏవేవో అన్నారు. అసలు కారణం అంతకన్నా మామూలుది. గ్రానైట్ పార్క్ అని కొండ మీద రాతి బస ఒకటుంది, ఇప్పటికీ ఉంది, అక్కడ వంటింటి ఎంగిలంతా వెనక పారబోసేవాళ్ళు, రాత్రి గ్రిజ్లీలు వచ్చి తింటుంటే అతిథులు వరండాలో నిలబడి చూసేవాళ్ళు. అదొక వినోదం. క్యాంపు స్థలం ఆ పక్కనే. రెండోది ట్రౌట్ లేక్ దగ్గర, బక్కచిక్కిన ఆడ ఎలుగు, ఆ వేసవంతా కింద ఇళ్ళ చుట్టూ, క్యాంపుల చుట్టూ చెత్త కోసం తిరిగింది, జనం వచ్చి చెప్పుకున్నారు కూడా, ఎవరూ కదల్లేదు. తర్వాత దాన్ని కాల్చి చూస్తే పళ్ళ మధ్య గాజు పెంకులు ఇరుక్కుని ఉన్నాయి.

అక్క: గాజు పెంకులు అనగానే అమ్మ మొహం మారిపోయింది. "పాపం, ఎన్నాళ్ళ నుంచి నొప్పో దానికి" అంది. చనిపోయిన పిల్లల కోసం బాధపడింది, దానికోసం కూడా బాధపడింది.

తమ్ముడు: ఎల్లోస్టోన్ అని ఇంకో నేషనల్ పార్క్ ఉంది, అక్కడైతే ఇంకా ఘోరం. 1930లలో హోటళ్ళ ఎంగిలి ఒకచోట పోసి, ఎదురుగా మెట్ల బల్లలు కట్టి, సాయంత్రం సర్కస్ చూపించినట్టు చూపించేవాళ్ళు. తర్వాత సర్కస్ ఆపినా చెత్త దిబ్బలు మాత్రం ఉండిపోయాయి. ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అని కవల అన్నదమ్ములు 1959 నుంచి అక్కడి గ్రిజ్లీల మీద పనిచేశారు, ఎలుగు మెడకి రేడియో కాలర్ కట్టి వెంబడించిన మొదటివాళ్ళు. 67 తర్వాత పార్కు వాళ్ళు చెత్త దిబ్బలు మూసేద్దామనుకుంటే ఈ అన్నదమ్ములు, ఒక్కసారిగా మూయకండి, తరాల తరబడి వాటికి అదే వంటిల్లు, మెల్లగా మాన్పించండి అన్నారు. వినలేదు. మూసేశారు. ఆకలేసిన ఎలుగులు క్యాంపుల మీదికి, ఊళ్ళ మీదికి వచ్చాయి, వచ్చినవాటిని వచ్చినట్టు చంపారు. 1975కి ఆ చుట్టుపక్కల మొత్తం 136 మిగిలాయని అంచనా, ఆ ఏడే ప్రమాదంలో ఉన్న జాతి అని చట్టంలో చేర్చారు. ఇప్పుడు మళ్ళీ వెయ్యి దగ్గరికి చేరాయి.

అక్క: నీ మాట ఏంటి, మెల్లగా మూయాల్సిందంటావా?

తమ్ముడు: నేను అన్నదమ్ముల పక్షమే. తప్పు మనిషిది, తీర్పు ఎలుగుకి పడింది. ఇప్పటికీ అంతే కదా, ఒకసారి మన తిండి రుచి మరిగిందంటే అది మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చి వచ్చి ఒకరోజు తుపాకీకి బలవుతుంది. పులిహోర నాలుగు మెతుకులు అమ్మకి దానం, దానికి మరణశిక్ష.

అక్క: సరే, కొంచెం తేలిక విషయం. నడక సంగతి చెప్పు. మన ట్రైల్ గోవిందా ట్రైల్ అయిపోయింది కదా.

తమ్ముడు: ఓ, అది. అవలాంచ్ లేక్ ట్రైల్. దేవదారు లాంటి పెద్ద పెద్ద సెడార్ చెట్లు, పక్కన ఏరు హోరుమని. అమ్మ మోకాళ్ళకి అది సరిపోతుందని తీసుకెళ్ళాను. ఏటి చప్పుడు ఉన్నచోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మన అలికిడి దానికి వినపడదు, దాని అలికిడి మనకి వినపడదు, మలుపులో ఢీకొంటాం. గ్రిజ్లీ దాడుల్లో ఎక్కువ భాగం ఇలా ఉలిక్కిపడ్డవే, ముఖ్యంగా పిల్లలతో ఉన్న తల్లి. అది వేటాడ్డం కాదు, పిల్లల్ని కాపాడుకోవడం. అందుకే ఇక్కడ జనం ప్రతి మలుపు దగ్గరా "హే బేర్" అని అరుస్తూ నడుస్తారు. అమ్మకి చెప్పాను, గట్టిగా ఏదో ఒకటి అంటూ నడువమ్మా అని. రెండుసార్లు "ఏ బేరూ" అంది, సిగ్గేసింది ఆవిడకి, కూరగాయల బేరమాడినట్టుందిరా అంది. మూడోసారి మలుపులో "గోవిందా గోవింద!" అంది, అలిపిరి మెట్ల మీద అన్నట్టే.

అక్క: వెనకున్న అమెరికన్ కుర్రాళ్ళు కూడా అందుకున్నారు! అర్థం తెలీదు పాపం, మొత్తం కొండ మారుమోగింది. మీ బావ వీడియో తీశారు.

తమ్ముడు: నిజానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. మనిషి గొంతు, గుంపు, ఆగి ఆగి గట్టిగా. కాళ్ళకి గజ్జెల్లా బేర్ బెల్స్ అని అమ్ముతారు, వాటి కన్నా గోవింద నామం వెయ్యి రెట్లు నయం. గజ్జెల చప్పుడు దూరం వినపడదు. ముగ్గురికి తక్కువ కాకుండా నడవమంటారు. బ్యాన్ఫ్‌లో లార్చ్ వ్యాలీ వైపు కొన్ని నెలలు నలుగురికి తగ్గితే చట్టప్రకారం వెళ్ళనివ్వరు, విడివిడిగా కాదు, దగ్గర దగ్గరగా నడవాలి.

అక్క: తిరుమలలో కూడా అదే కదా. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత చిన్నపాపని చంపేశాక నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పంపారు. నేను ఆ డిసెంబర్‌లో వెళ్ళాను, కర్ర పట్టుకుని నడుస్తుంటే ధైర్యంగా ఉందో, భయం ఎక్కువైందో చెప్పలేను.

తమ్ముడు: కర్ర సంగతి ఎలా ఉన్నా గుంపు సంగతి సరైనదే. పరుగెత్తడం, సైకిల్ తొక్కడం మాత్రం ఇక్కడ ప్రమాదం. 2016లో గ్లేసియర్ పక్కనే ఉన్న అడవిలో ఒకాయన సైకిల్ మీద వేగంగా మలుపు తిరిగి నేరుగా గ్రిజ్లీకి గుద్దుకున్నాడు, బతకలేదు. బ్రేకు వేసే టైము కూడా లేదు. అందుకే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జాగింగ్ చేసేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

అక్క: ఫోటోల పిచ్చి?

తమ్ముడు: రూలు 100 గజాలు. మన లెక్కలో చెప్తా, క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే నాలుగున్నర పిచ్‌ల దూరం. ఆ దూరంలో ఎలుగు ఫోన్లో ఆవగింజంత కనిపిస్తుంది, అందుకే జనం ముందుకి జరుగుతారు. రోడ్డు పక్కన ఒక ఎలుగు కనపడితే 40 కార్లు ఆగిపోతాయి, మన సంత రోజు బస్టాండులా ఉంటుంది. అలా అని మరీ భయపెట్టేయడం కూడా నాకిష్టం లేదు. ఎల్లోస్టోన్‌లో 1872 నుంచి ఇప్పటిదాకా ఎలుగుల వల్ల పోయినవాళ్ళ కన్నా వేడినీటి బుగ్గల్లో పడి ఒళ్ళు కాలి పోయినవాళ్ళు ఎక్కువ. గ్లేసియర్‌లో అన్నిటికన్నా ఎక్కువ మందిని తీసుకుపోయింది నీళ్ళు. బావ ఆ ఏట్లో తడిసిన రాయి మీద నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు చూడు, నాకు ఆ ట్రిప్పు మొత్తంలో గుండె ఆగింది అప్పుడే.

అక్క: దానికి నేను అప్పుడే తిట్టాను, మళ్ళీ గుర్తు చేయకు. ఇప్పుడు పడుకోవడం.

తమ్ముడు: ఆ, పడుకోవడం. ఎలుగు కనపడింది, అది నిన్ను చూసింది. నిలబడు. మామూలు గొంతుతో మాట్లాడు, కళ్ళలోకి గుచ్చి చూడకు, మెల్లగా వెనక్కి నడు. చాలాసార్లు అది పరిగెత్తుకొచ్చి నాలుగడుగుల దూరంలో ఆగి పక్కకి తిరిగిపోతుంది, బెదిరింపు అన్నమాట. అప్పుడు కూడా కదలకూడదు, స్ప్రే మాత్రం చేతిలో ఉండాలి. స్ప్రే కొట్టినా ఆగకుండా వచ్చి గ్రిజ్లీ నిన్ను తాకిందంటే, అప్పుడు పడుకో. బోర్లా. వీపు మీది బ్యాగు తియ్యకూడదు, అదే కవచం. రెండు చేతులూ మెడ వెనక పెనవేసుకో, కాళ్ళు వెడల్పుగా చాపు, తిప్పేయకుండా. తిప్పితే మళ్ళీ బోర్లా దొర్లు. అది వెళ్ళిపోయిందనిపించగానే లేవకూడదు, చాలాసేపు అలాగే ఉండాలి. దానికి కావాల్సింది ఒకటే, ఈ మనిషి వల్ల నా పిల్లలకి ప్రమాదం లేదు అన్న నమ్మకం.

అక్క: అంటే కథలో స్నేహితుడు వెల్లకిలా పడుకున్నాడేమో బొమ్మలో.

తమ్ముడు: బొమ్మ గీసినాయన గ్లేసియర్ చూడలేదు పాపం. ఇప్పుడు తేడా చూడు. అక్కడే బ్లాక్ బేర్ అని ఇంకో జాతి ఉంటుంది, మూపురం ఉండదు, చెవులు పెద్దవి, మొహం తిన్నగా. పేరుకి నలుపే కానీ గోధుమరంగువీ ఉంటాయి, గ్రిజ్లీలో నల్లగా ఉండేవీ ఉన్నాయి, అందుకే రంగు నమ్మకూడదు. బ్లాక్ బేర్ మీద పడితే పడుకోకూడదు, చేతికందిందల్లా తీసుకుని మూతి మీద, ముక్కు మీద కొట్టాలి. ఇక రాత్రి టెంటులోకి వచ్చి లాగిందంటే, ఏ జాతి అయినా సరే, అది ఉలిక్కిపడి వచ్చింది కాదు, తినడానికి వచ్చింది. అప్పుడు చచ్చినట్టు పడుకుంటే నిజంగానే చస్తాం. ప్రాణం పెట్టి పోరాడాలి.

అక్క: మన గుడ్డెలుగు సంగతి? మన ఉద్దానంలో, జీడితోటల్లో.

తమ్ముడు: అది వేరే జాతి అక్కా, ఈ లెక్కలు దానికి అతికించకూడదు. గ్రిజ్లీ చూపు బాగానే ఉంటుంది, మన ఎలుగుకి చూపూ తక్కువే, వినికిడీ తక్కువే, చెదలు తవ్వుకుంటూ తల దించుకుని ఉంటుంది, మనం దగ్గరికి వెళ్ళేదాకా తెలీదు, తెలిశాక భయంతో మీద పడుతుంది. ఇక్కడ గ్లేసియర్‌లో మనిషి సరదాకి వెళ్తాడు, 50 డాలర్ల డబ్బా కొనుక్కుని. మన దగ్గర జీడిపిక్కలు ఏరుకోవడానికి తెల్లారకముందే తోటకి వెళ్ళేవాళ్ళకి ఏ డబ్బా ఉంది?

అక్క: 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో జరిగింది కదా. ఒక రైతు చనిపోయాడు, మర్నాడు ఇంకొందరికి గాయాలయ్యాయి. పట్టుకున్నారు, ఆ ఎలుగు కూడా బతకలేదు. అమ్మ ఆ వారం అంతా తోటకి వెళ్ళలేదు. అందుకే గ్లేసియర్‌లో మనకన్నా ఆవిడే నిబ్బరంగా ఉంది, ఎలుగు అంటే ఆవిడకి టీవీలో బొమ్మ కాదు.

తమ్ముడు: అవును, నేను ఊరికే క్లాసు పీకాను ఆవిడకి. ఓ, ఒకటి మర్చిపోయా, చెప్పి ముగిద్దాం. విమానంలో వచ్చేవాళ్ళు స్ప్రే పట్టుకెళ్ళకూడదు, చేతిసంచిలోనూ కాదు, లగేజీలోనూ కాదు. అక్కడే కొనుక్కోవాలి, లేదా అద్దెకి తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఎండలో కార్లో వదిలేయకండి, పేలుతుంది. మేము కొన్నవి వాడలేదు, క్యాంపులో పక్క టెంటు వాళ్ళకి ఇచ్చేశాం. అమ్మ మాత్రం తన డబ్బా ఇవ్వడానికి ఒప్పుకోలేదు, ఊరికి తీసుకెళ్తానంది, గంటసేపు బతిమాలాను.

అక్క: నీకు తెలీదు, నిన్న ఫోన్ చేసినప్పుడు ఆవిడ ఇంకోటి అడిగింది. పనస సీజను మొదలైంది కదా, తోటలో పళ్ళు పండితే చాలు రాత్రికి ఎలుగులొస్తున్నాయట. "ఆ ఇనప పెట్టె ఉంది చూడు, తమ్ముడు ఆవకాయ పెట్టించాడు కదా, గడియ కూడా భలే ఉంది, అలాంటిది ఒకటి పంపమను వాణ్ణి, కోసిన పనసపళ్ళు పెట్టుకుంటాను" అంది.

తమ్ముడు: అక్కా, దాన్ని నేలలో కాంక్రీటు పోసి బిగించి ఉంటారు.

అక్క: నాకెందుకు చెప్తావు, ఆవిడకే చెప్పు. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటుంది, ఇప్పుడే చెయ్యి.